రాత్రిపూట నిద్ర లేపే నడుము నొప్పి



నడుము నొప్పి ఎరుగని ఇల్లాలు మనలో ఎవరున్నారు చెప్పండి? తెల్లవారి లేచింది మొదలు వాకిలి చిమ్మటం, నీళ్లు పట్టటం, వంగి అంట్లు తోమటం, పొయ్యి దగ్గర నిలబడి రొట్టెలు తట్టటం. ఇంత చాకిరీ చేశాక సాయంత్రానికి నడుము పట్టెయ్యకపోతేనే ఆశ్చర్యం. కాస్త నూనె రాచుకుని, వేణ్ణీళ్లు పోసుకుని, ఒక పూట నడుము వాలిస్తే సర్దుకుంటుంది. మనకొచ్చే నొప్పుల్లో చాలా భాగం ఇలాంటివే. అంచేత ఈ వేళ నేను చెప్పబోయే మాటలు విని ప్రతి నడుము నొప్పికీ హడలిపోవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

అయితే ఎక్కడో అరుదుగా వేరే జాతి నొప్పి ఒకటి వుంటుంది. దానికి పనితో నిమిత్తం లేదు. పగలు కాస్త ఓర్చుకోనిస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక, ఒళ్లు మంచానికి ఆనిన తరువాత మొదలెడుతుంది. విశ్రాంతితో తగ్గవలసింది పోయి, విశ్రాంతి వేళలోనే పెరుగుతుంది. ఆ నొప్పి వెనక ఒక్కొక్కప్పుడు వెన్నెముకకు పాకిన చెడ్డ కణితి వుంటుంది. దాన్ని ఎలా పసిగట్టాలి, డాక్టర్లు ఎలా తేల్చుకుంటారు, అందులో మన ఆడవాళ్ల వంతు ఏమిటి, ఈ మూడూ ఇవాళ చెప్పుకుందాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. మన నందికొట్కూరులోనే ఒక ఇల్లాలు. ఆమెకు పద్నాలుగేళ్ల కొడుకు. స్కూల్లో కబడ్డీ ఆడి వచ్చి తుంటి దగ్గర నొప్పి అన్నాడు. దెబ్బ తగిలిందేమోనని ఆమె నూనె రాసింది. తగ్గినట్టే తగ్గింది. నెల తిరక్కుండా తుంటి పక్కన చిన్న వాపు కనిపించింది. ఎవరో నాటు కట్టు కట్టించమన్నారు, కట్టించింది. ఇంకో నెలకు వీపు మధ్యలో నొప్పి. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. పిల్లవాడు చిక్కిపోతున్నాడు. దిష్టి అన్నారు, తీసింది. ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించింది. తరువాత డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లి "వీపు నొప్పండీ" అని చెప్పింది. ఆయన వీపు చూశారు, వీపుకు ఎక్స్‌రే తీయించారు. అందులో ఏమీ లేదన్నారు.

ఇక్కడ ఆ తల్లి చెయ్యని పని ఒకటుంది. తుంటి వాపు సంగతి చెప్పలేదు. తుంటి వేరు, వీపు వేరు అనుకుంది. అది దెబ్బ, ఇది జ్వరం నొప్పి అనుకుంది. రెండూ ఒకే కథలో రెండు పేజీలని ఆమెకెలా తెలుస్తుంది? కాని రెండు పేజీలూ చదివినది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. డాక్టరుగారు చూసింది ఒక్క పేజీయే.

పిల్లల్లో, ఎదిగే వయసు వాళ్లలో వచ్చే ఎముక కేన్సర్లలో ఒకటి ఇలాగే మొదలవుతుంది. న్యూయార్కులో జేమ్స్ ఈవింగ్ అనే డాక్టరు 1921లో దాన్ని విడిగా గుర్తించి వర్ణించాడు కాబట్టి ఈవింగ్ సార్కోమా అంటారు. పది, ఇరవై ఏళ్ల మధ్య ఎక్కువగా కనబడుతుంది. కటి ఎముకలో, తొడ ఎముకలో, పక్కటెముకల్లో పుట్టి, ఊపిరితిత్తులకూ ఇతర ఎముకలకూ పాకుతుంది. జ్వరం వస్తుంది, రక్తపరీక్షలో ఇ.ఎస్.ఆర్. పెరుగుతుంది. చూడబోతే అచ్చం చీము పట్టినట్టో, క్షయ సోకినట్టో వుంటుంది. ఇది చాలా అరుదైన జబ్బు. ఆటలో తగిలిన దెబ్బవల్ల రాదు. కాకపోతే దెబ్బ తగిలినప్పుడు మన చెయ్యి అక్కడికి పోతుంది, లోపల అప్పటికే వున్నది బయటపడుతుంది. అంచేత "ఆడవద్దంటే విన్నావా" అని పిల్లవాణ్ణి ఆడిపోసుకోవద్దు.

మరి ఎక్కడో పుట్టిన కణితి వెన్నెముకకే ఎందుకు పోతుంది? వెన్నెముక అంటే 33 పూసల దండ. మెడలో 7, రొమ్ము వెనక 12, నడుములో 5, కింద అతుక్కుపోయిన త్రికంలో 5, తోకలో 4. ఈ పూసల్లో మూలుగ నిండుగా వుంటుంది, రక్తం ధారాళంగా పారుతుంది. కేన్సర్ కణానికి అది ఎరువు వేసిన మడి లాంటిది. పైగా పూసల చుట్టూ వున్న రక్తనాళాల్లో కవాటాలు వుండవు. 1940లో ఆస్కార్ బాట్సన్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు దీని సంగతి వివరించాడు. కాలువకు తూము లేకపోతే నీళ్లు ఎటు వాలితే అటు పోతాయి కదా! దగ్గినప్పుడు, ముక్కినప్పుడు కడుపులో ఒత్తిడి పెరిగితే, అక్కడి రక్తం ఈ నాళాల్లోకి వెనక్కు తన్నుతుంది. దానితోపాటే కణితినుంచి తెగిన కణాలూ పూసల్లోకి చేరతాయి.

పూసల దండ మధ్యలో వెన్నుపాము వుంది. మెదడునుంచి కాళ్లకూ చేతులకూ, మలమూత్రాల మీది అదుపుకూ వార్తలు మోసే తీగల కట్ట అది. పూసలో పెరిగిన కణితి మొదట ఎముకను తింటుంది, తరువాత ఈ తీగల కట్టను నొక్కుతుంది. రొమ్ము వెనక పూసల్లోనే ఇది ఎక్కువగా జరుగుతుంది. అందుకే నడుము అడుగున కాక వీపు మధ్యలో వచ్చి, పట్టీ బిగించినట్టు రొమ్ము చుట్టూ తిరిగే నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంతకూ మన ఉదాహరణలోని పిల్లవాడి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారే, అది తప్పా? తప్పు కాదు. ఎక్స్‌రేకు వున్న హద్దే అంత. పూసలో మూడో వంతు నుంచి సగం దాకా ఎముక తరిగిపోతే గాని మామూలు ఎక్స్‌రేలో తేటగా కనబడదు. "ఎక్స్‌రే బాగుంది" అంటే "ఇంకా కనబడలేదు" అని కూడా అర్థం కావచ్చు. ఆ ఫిల్ము చూసి నిశ్చింతగా ఇంటికి వచ్చి, నొప్పి పెరుగుతున్నా మళ్లీ వెళ్లకపోవటమే పెద్ద పొరపాటు.

ఇక మన దేశంలో దీనికి మరో చిక్కుంది. వీపు నొప్పి, సాయంత్రం జ్వరం, చిక్కిపోవటం, ఈ మూడూ కలిసి వస్తే ఎవరికైనా ముందు తోచేది వెన్నెముక క్షయ. 1779లోనే పెర్సివల్ పాట్ అనే ఇంగ్లీషు సర్జను దాన్ని వర్ణించాడు. మన దగ్గర అది ఈనాటికీ అరుదు కాదు. అందుకని క్షయ మాత్రలు మొదలుపెట్టి, తగ్గుతుందేమో చూద్దాం అనుకోవటం జరుగుతూ వుంటుంది. నిజంగా క్షయ అయితే తగ్గుతుంది. కణితి అయితే ఆ నెలల్లో అది పెరుగుతుంది.

రెండిటికీ తేడా చూపే గుర్తులు కొన్ని వున్నాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తటి బిళ్ల, డిస్కు, వుంటుంది కదా. క్షయ చాలా మటుకు ఆ బిళ్లను, దానికి అటూ ఇటూ వున్న రెండు పూసలను పట్టుకుంటుంది. కణితి సాధారణంగా పూసను తింటుంది గాని బిళ్లను వదిలేస్తుంది. ఎం.ఆర్.ఐ. స్కానింగులో ఇది బాగా తెలుస్తుంది. అయితే ఇవి గుర్తులే గాని తీర్పులు కావు. క్షయ కూడా ఒక్కొక్కప్పుడు బిళ్లను వదలవచ్చు.

మన తెలుగు జిల్లాల్లో ఇంకో అనుమానం కూడా అడ్డు తగులుతుంది. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ వున్న ఊళ్లలో వెన్ను బిగుసుకుపోయి నొప్పులు రావటం మనకు తెలిసిందే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే ఈ వ్యాధిని డాక్టర్లు గుర్తించి రాశారు. అందుకని మెట్ట ప్రాంతాల్లో "ఈ నీళ్ల నొప్పులే" అని కొట్టిపారెయ్యటం అలవాటు. కాని నీళ్ల నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా బిగుసుకుంటుంది, ఊళ్లో చాలామందికి వుంటుంది, ఎక్స్‌రేలో ఎముక చిక్కబడి తెల్లగా కనబడుతుంది. వారాల్లో ముదిరే నొప్పికి, ఇంట్లో ఒక్కరికే వచ్చే నొప్పికి నీళ్ల మీద నెపం వెయ్యకూడదు.

మరి తీర్పు చెప్పేదేది? ముక్క పరీక్ష. దీన్నే బయాప్సీ అంటారు. స్కానింగులో చూస్తూ సన్నని గొట్టం లాంటి సూదిని కణితిలోకి పంపి, చిన్న ముక్క తీసి, మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారు. అదే ముక్కలో కొంత క్షయ పరీక్షకు కూడా పంపమని అడగవచ్చు. అప్పుడు రెండు అనుమానాలూ ఒకేసారి తీరతాయి.

ఇక్కడ మన ఇళ్లలో ఒక గట్టి భయం వుంది. "సూది పొడిస్తే, కత్తి తగిలితే కేన్సర్ పాకుతుంది" అంటారు. ఈ భయంతో ముక్క తియ్యనివ్వక వాయిదా వేసేవాళ్లున్నారు. సరైన చేతుల్లో బయాప్సీవల్ల అలాంటి ప్రమాదం బహు తక్కువ. అది చెయ్యకపోవటంవల్ల వచ్చే నష్టం చాలా పెద్దది. అయితే ఈ భయంలో పిసరంత నిజం ఒకటుంది, దాన్ని మాత్రం పట్టుకోండి. ఎముక కేన్సర్ అనుమానం వున్నప్పుడు సూది ఏ దారిన పోవాలో ముందే ఆలోచించి పంపాలి. తరువాత ఆపరేషన్ చేస్తే ఆ దారిని కూడా కలిపి తియ్యవలసి వుంటుంది. అంచేత ముక్క ఎక్కడ పడితే అక్కడ తీయించకుండా, చికిత్స చేయబోయే పెద్ద ఆసుపత్రిలోనే తీయించటం మంచిది.

ముక్క తీశాక కూడా పని అయిపోలేదు. ఈవింగ్ సార్కోమా కణాలు మైక్రోస్కోపులో చిన్నగా, గుండ్రంగా, నీలంగా కనబడతాయి. రక్తకణాలకు వచ్చే లింఫోమా, పసిపిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా, కండరాల్లో పుట్టే మరో కేన్సర్, ఇవీ అలాగే వుంటాయి. ఆవాల్లో బలురక్కసి గింజలు కలిస్తే పైచూపుకు పోల్చుకోలేం కదా, అలాగన్న మాట. పోల్చుకోవటానికి ప్రత్యేకమైన రంగులు వేసి చూస్తారు, జన్యు పరీక్ష చేస్తారు. ఈవింగ్‌లో సాధారణంగా 11వ, 22వ క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి మారిపోయి వుంటాయి. ఆ అతుకు దొరికితే పేరు ఖాయమైనట్టు. దీనికి కొన్ని రోజులు పడుతుంది. "ముక్క ఇచ్చి వారమైంది, ఇంకా చెప్పరేం" అని విసుగుపడి మధ్యలో లేచి రావద్దు.

పేరుకింత తంటాలు ఎందుకు అంటారా? పేరును బట్టే దారి మారుతుంది. కొన్ని కణితులు మందులకు కరుగుతాయి, కొన్ని కరెంటు పెడితే కుంచించుకుపోతాయి, కొన్నింటికి ముందు ఆపరేషన్ చేసి వెన్నుపామును విడిపించాలి. 2005లో ప్రచురించిన ఒక పరిశోధన సంగతి చెబుతాను. గట్టి కణితి ఒకచోట వెన్నుపామును నొక్కుతున్న రోగుల్లో, ఆపరేషన్ చేసి తరువాత కరెంటు పెట్టినవాళ్లు నూటికి 84 మంది నడవగలిగారు. కరెంటు మాత్రమే పెట్టినవాళ్లలో 57 మందే నడవగలిగారు. అదే లింఫోమా లాంటి వాటికి ఈ లెక్క వర్తించదు, వాటికి దారి వేరు. ఇంకో మాట. లింఫోమా లాంటివి స్టెరాయిడ్ మాత్రలకు తాత్కాలికంగా కరిగిపోయి, ముక్క పరీక్షలో దొరకకుండా దాక్కోగలవు. నొప్పులకని పేరు తెలియని మాత్రలు కొట్లో కొని మింగటంలో ఇలాంటి నష్టం కూడా వుంది.

పిల్లల సంగతి చెప్పాను, పెద్దవాళ్ల సంగతీ చెప్పాలి. పెద్దల్లో వెన్నెముకకు పాకేవి ఎక్కువగా రొమ్ము, ఊపిరితిత్తులు, మగవాళ్లలో ప్రోస్టేటు గ్రంథి, ఆపైన మూత్రపిండాలు, థైరాయిడ్. అయిదారేళ్ల కిందట రొమ్ములో గడ్డ తీయించుకుని, "అది అప్పుడే అయిపోయింది, ఇప్పుడెందుకు" అని కొత్త డాక్టరుతో చెప్పకుండా దాచే అక్కయ్యలున్నారు. సిగ్గుపడో, పక్కన అల్లుడున్నాడనో ఊరుకుంటారు. వీపు నొప్పితో వెళ్లినప్పుడు మొదట చెప్పవలసిన మాటే అది. ఇప్పుడు రొమ్ములో గడ్డ తగులుతూ వుంటే అది కూడా చెప్పండి. మగ డాక్టరుతో చెప్పలేకపోతే నర్సుతో చెప్పండి. నొప్పితోపాటు విపరీతమైన దాహం, మలబద్ధకం, మత్తుగా వుండటం కనబడితే రక్తంలో కాల్షియం పెరిగి వుండవచ్చు, అదీ చెప్పండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మన పిల్లవాడు ఒకరోజు పొద్దున మెట్లెక్కుతూ తడబడ్డాడనుకోండి. కాళ్లు బరువెక్కాయన్నాడు. అరికాళ్లు తిమ్మిరిగా వున్నాయన్నాడు. మూత్రం రావటం లేదన్నాడు, లేదా తెలియకుండానే పోయింది. ఇక ఆ రోజు ఏ పనీ పెట్టుకోవద్దు. సంతరోజని, అమావాస్యని, ఇంటాయన ఊళ్లో లేడని ఆగవద్దు. వెన్నుపాము నలుగుతోందని దాని అర్థం. చికిత్స మొదలయ్యే వేళకు ఇంకా నడుస్తూ వున్నవాళ్లలో ఎక్కువమంది తరువాతా నడుస్తారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవాళ్లలో మళ్లీ లేచేవాళ్లు కొద్దిమందే. ఇక్కడ లెక్క రోజుల్లో కాదు, గంటల్లో. 108కి ఫోను చెయ్యండి. రోగిని కూర్చోబెట్టి ఆటోలో కుదుపుతూ తీసుకుపోకుండా, వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టి తీసుకువెళ్లండి. మనకు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో కర్నూలు పెద్దాసుపత్రి వుంది. 1956లో మొదలైన వైద్య కళాశాలకు చెందిన ఆసుపత్రి అది. అత్యవసర విభాగంలో "వెన్ను నొప్పి" అని ఊరుకోకుండా "వెన్ను నొప్పితో కాళ్లు పట్టుతప్పుతున్నాయి" అని పూర్తిగా చెప్పండి. ఆ మాటతో వెన్నెముక మొత్తానికి ఎం.ఆర్.ఐ. తీయవలసిన అవసరం డాక్టరుకు తెలుస్తుంది. వెన్నుపాము వాపు తగ్గటానికి మందు కూడా వెంటనే ఇస్తారు. అది డాక్టరు ఇవ్వవలసిన మందు, మనం కొనవలసినది కాదు.

ఆ తరువాత చికిత్సకు కేన్సర్ విభాగాలున్న చోటికి, అంటే హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి, తిరుపతిలోని స్విమ్స్ లాంటి వాటికి వెళ్లవలసి రావచ్చు. ఖర్చు మాట తలచుకుని వెనక్కు తగ్గకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకంలో కేన్సర్ చికిత్సలు చేర్చారు. మీకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పని చూసేవాళ్లను అడిగి, కార్డులు వెంట వుంచుకోండి.

ఇంత చేస్తే నయమవుతుందా అని అడుగుతారు. నిజమే చెప్పాలి. ఈవింగ్ సార్కోమా పుట్టిన చోటే వుండగా పట్టుకుంటే, మంచి చికిత్స అందిన పిల్లల్లో పదిమందికి సుమారు ఏడుగురు అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. ఇతర భాగాలకు పాకాక ఆ లెక్క సుమారు ముగ్గురికి పడిపోతుంది. మందులు రాకముందు, కరెంటు ఒక్కటే వున్న రోజుల్లో, ఒక్కచోటే వున్నవాళ్లలో కూడా చాలామంది దక్కలేదు. ఆ మందుల్లో ఒకటైన విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు మొక్కనుంచి తీసినదే. అలాగని ఆ ఆకు కషాయం కాచి తాగించేరు! అది విషం. మొక్కలో వున్నది బహు స్వల్పం, దాన్ని శుద్ధిచేసి కొలత ప్రకారం నరంలోకి ఎక్కిస్తేనే మందు. మరో రకం ఎముక కేన్సర్‌కు, ఆస్టియోసార్కోమాకు వాడే మెథోట్రెక్సేట్ వెనక మన తెలుగువాడే వున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తన సహచరులతో కలిసి తయారుచేసిన మందుల కుటుంబానికి చెందినది అది. ఆయన 1948లో కన్నుమూశారు. ఆ మందు ఈనాటికీ పిల్లలను కాపాడుతోంది.

ఇక చివరిగా మన వంతు పని. పెద్ద చదువు అక్కర్లేదు, గోడమీద క్యాలెండరు చాలు. పాల లెక్క, చాకలి పద్దు రాసుకుంటాం కదా, ఆ గళ్లలోనే ఇంట్లో ఎవరికి వీపు నొప్పి వచ్చినా ఒక గుర్తు పెట్టండి. రాత్రి నిద్ర లేపిన రోజు ఒక గీత. జ్వరం వచ్చిన రోజు ఒక చుక్క. కొత్తగా వాపు, గడ్డ కనబడితే ఎక్కడో రాయండి, వీపుకు దూరమైనా సరే. నెలకొకసారి బరువు రాయండి. ఏ మాత్రలు ఎప్పుడు మొదలెట్టారో రాయండి. వరసగా రెండు వారాలు రాత్రి గీతలు పడితే, లేదా గీతలూ చుక్కలూ కలిసి పడుతూ వుంటే, ఆ కాగితం చింపి డాక్టరు దగ్గరకు పట్టుకుపొండి. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అంటే "నొప్పి మాత్రం తగ్గలేదండీ, స్కానింగు అవసరమా?" అని అడగండి. క్షయ మాత్రలు రాస్తే "ముక్క పరీక్ష చేశాకనా, చెయ్యకుండానా?" అని అడగండి. అడగటంలో అమర్యాద లేదు. మంచి డాక్టరు అలా అడిగినందుకు కోప్పడరు.

స్కానింగు యంత్రం పూసను చూపిస్తుంది, మైక్రోస్కోపు కణాన్ని చూపిస్తుంది. కాని తెల్లవారుజామున మూడు గంటలకు పిల్లవాడు లేచి గోడకానుకుని కూర్చున్న సంగతి వాటికి తెలియదు. అది చూసింది మీరు. ఆ సాక్ష్యం మీ దగ్గరే ఆగిపోకుండా చూడండి.